గీజర్లో పెరిగిన రాయి

సిద్ధేశ్ గీజరును స్నానాలగది గోడ మీంచి దింపి, పెరట్లో గోనెపట్టా మీద పడుకోబెట్టి, అడుగు బిళ్ళకున్న మరలు ఒక్కొక్కటే విప్పాడు. ఆఖరి మర ఊడినా బిళ్ళ రాలేదు. మోకాలు ఆనించి రెండు చేతులా గుంజితే, లోపలి నుంచి ఎవరో పట్టుకొని పెనుగులాడుతున్నట్టు కాసేపు బిగుసుకుని, ఉన్నట్టుండి ఊడి వచ్చింది. దాని వెనకే బొలబొలమని తెల్లటి పెంకులు రాలాయి.

"చూడమ్మా, నీ గీజరు కాన్పాయ," అన్నాడు సిద్ధేశ్ చెమట తుడుచుకుంటూ.

అనుపమ వంగి చూసింది. కాయిల్ ఉండాల్సిన చోట కాయిల్ కనబడలేదు. జొన్నకంకి అంత పొడవున, అంతకు రెండింతల లావున, తెల్లటి రాయి ఒకటి ఉంది. దాని మీద గింజ గింజకూ ఇంకో గింజ మొలిచింది. ఎవరూ చెక్కిందీ కాదు, పోతపోసిందీ కాదు. గోడకు వేలాడే డబ్బాలో, చీకట్లో, దానంతట అదే పెరిగింది. ఆమె వేలితో తాకి, తాకరానిదేదో తాకినట్టు వెంటనే వేలు వెనక్కి తీసుకుంది.

"ఇదంతా యాడిదప్పా?"

"యాడిదేంది, నీ నల్లిలోదే! ఇవి గడసు నీళ్ళమ్మా. భూమి లోపల రాళ్ళ సందుల్లో పారి పారి, ఆ రాతిని కరగదీసుకుని బోరులో పైకొస్తాయి. సల్లగున్నంతసేపూ లోపలే దాచిపెట్టుకుంటాయి. కాగినాయంటే కక్కేస్తాయి."

"తేటగా ఉండాయి కదా నీళ్ళు! పలుకు కూడా అగుపడదే!"

"అదే దాని గమ్మత్తు. మన కూరెకుప్పలో ఏ ఇంటి గీజరు విప్పినా ఇదే కత. మీదే సల్ప నయం. రైల్వేగేటు కాడ ఒకరిది విప్పితే, నేను కాయిల్ కోసం ఎతుకులాడితి." అంటూనే అతను సుత్తితో మెల్లగా తట్టి పెంకులు ఊడగొడుతున్నాడు. "మా బావకి కిడ్నీలో రాయి పడె. జొన్నగింజంత. ఎద్దు మాదిరి మనిషి, నేలమీద పడి పొర్లాడె."

ఆ మాట అతను ఊరికే, చేతిపని మధ్య నోటికి వచ్చి అన్నాడు. అనుపమ చెవిలో మాత్రం అది మర తిప్పినట్టు దిగింది.

నట్టింటి గడపలో కూర్చుని ఆకువక్క దంచుతున్న ఆమె అత్త నాగలక్ష్మమ్మ కేకేసింది. "సిద్దేశప్పా, ఆ పెంకులు పారేయొద్దు. ఆ రేకుడబ్బాలో ఎయ్యి."

"ఏం చేస్తావవ్వా, కూరొండుతావా?"

"నీ పెండ్లికి ఇంటికి సున్నం కొట్టాల కదా."

"నాకిద్దరు పిల్లోళ్ళు అవ్వా!"

"అయితే రెండో పెండ్లికనుకో."

సిద్ధేశ్ నవ్వాడు. అనుపమకు నవ్వు రాలేదు. ఆమె కళ్ళు పెరటి మూల ఖాళీ బిందెను బోర్లించి డప్పు కొడుతున్న కూతురి మీద ఉన్నాయి. చిన్నును మూడో నెలలో పుట్టింటి నుంచి తెచ్చిన వారానికే, పసిబిడ్డ స్నానాలకని ఈ గీజరు కొన్నారు. ఇద్దరూ ఈ ఇంటికి ఒకేసారి వచ్చారు. ఇద్దరి లోపలికీ మూడేళ్ళుగా పోయినవి ఆ బోరు నీళ్ళే. గీజరును విప్పి చూశారు. బిడ్డను ఎవరు విప్పి చూస్తారు?

అనుపమ చదువు తొమ్మిదో తరగతి సగంలో ఆగిపోయింది. విజ్ఞాన పుస్తకంలో వెనక సగం ఆమె తెరవనే లేదు. లోకంలో తనకు తెలియని భయాలన్నీ ఆ వెనక సగంలోనే రాసి ఉన్నాయనీ, మిగతావాళ్ళంతా అది చదివేసి నిమ్మళంగా తిరుగుతున్నారనీ ఆమెకు చాలాకాలంగా ఒక నమ్మకం.

ఆ రోజు మొదలు ఆమె కంటికి ఇల్లంతా రాయే కనబడింది. టీ కాచే కరెంటు కెటిల్లో గారపట్టిన పళ్ళలాంటి పొర. ఇస్త్రీపెట్టె అడుగున ఆవిరి వచ్చే రంధ్రాల్లో తెల్లటి పొక్కులు. షవరుకు సగం కళ్ళు మూసుకుపోయి, మిగిలిన సగం మెల్లకన్ను పడి, నీళ్ళు మనిషి మీద కాక కిటికీ మీద కురుస్తున్నాయి. వంటింటి కుళాయికి తెల్లటి మీసం. ఇవన్నీ నిన్నటిదాకా కూడా ఉన్నవే. నిన్నటిదాకా అవి మురికి. ఈరోజు ఒక్కొక్కటీ ఏదో జీవి మాదిరి, నిద్రపోతూ పెరుగుతున్నట్టు అనిపించింది. నీళ్ళంటే పారిపోయేవి, ఆరిపోయేవి అనుకుంది ఇన్నాళ్ళూ. పోతూ పోతూ అవి ఇంత ఇల్లు కట్టుకుంటాయని ఎన్నడూ అనుకోలేదు.

ఇత్తడి బిందెకు పట్టిన కిలుమును చింతపండు వదిలిస్తుంది గదా, బట్టల మిషన్‌కు పట్టినదాన్ని ఎందుకు వదిలించదు అనుకుంది. నిమ్మకాయంత కాదు, కొబ్బరికాయంత చింతపండు నానబెట్టి, వడకట్టకుండానే మిషన్లో పోసి ఒక తడవ తిప్పింది. మర్నాడు ఆమె భర్త మాధవ, ఖనిజం తోలే టిప్పరు దిగి స్నానం చేసి వచ్చి, బనీను తొడుక్కోబోయి ఆగిపోయాడు. చారు రంగులో ఉంది. చంకలో చింతపిక్క ఒకటి ఇరుక్కుని ఉంది.

"ఏమే, దీనికి పోపు పెట్టేది మర్చిపోయినట్లుండావే!"

"మిషన్ లోపల చూడప్పా ముందు. అద్దం మాదిరి అయింది!"

నిజంగానే డ్రమ్ములో మొహం కనబడుతోంది. మాధవ తన మొహం తాను చూసుకుని, మీసం సర్దుకుని, ఆ బనీనే వేసుకున్నాడు.

మిషన్ను చింతపండుతో కడగొచ్చు. కడుపును దేనితో కడగాలి?

అనుపమ ఒక పరీక్ష కనిపెట్టింది. స్టీలు పళ్ళెం బోర్లించి, దాని వీపు మీద ఒక్కో రకం నీళ్ళు ఒక్కో చుక్క వేసి మిద్దె మీద ఎండకు పెట్టింది. కుళాయి నీళ్ళు ఒక చుక్క. ఊళ్ళో శుద్ధి చేసిన నీళ్ళు పట్టే కేంద్రం నుంచి తెచ్చుకునే క్యాను నీళ్ళు ఒకటి. కాచి చల్లార్చిన నీళ్ళు ఒకటి. ఏప్రిల్ ఎండకు పావుగంటలో చుక్కలన్నీ ఆరిపోయాయి. పళ్ళెం మీద ఉంగరాలు మిగిలాయి. కుళాయి చుక్క చోట ముగ్గుపిండితో గీసినట్టు మందపాటి ఉంగరం. కాచినవాటి చోట అంతకంటే పలుచన. క్యాను నీళ్ళ చోట పురికొస పోగంత సన్నంగా, కానీ ఉంది. వెలుగుకు వాల్చి చూస్తే ఉంది! చుక్క పోయింది, చుక్క నీడ పోలేదు. ఆమె ఆ పళ్ళెం పట్టుకుని ఎండలో చాలాసేపు నిలబడిపోయింది. ఇంత చిన్న చుక్కలో ఇంత దాగి ఉందా అనుకుంది.

దాంతో నిర్ణయం జరిగిపోయింది. తక్కువ పోస్తే తక్కువ పేరుకుంటుంది.

చిన్ను పసిదిగా ఉన్నప్పటి వెండి ఉగ్గుగిన్నెను పెట్టెలోంచి తీసింది. పొద్దున రెండు, మధ్యాహ్నం రెండు, పడుకోబోయే ముందు ఒకటి. అంతే నీళ్ళు. దప్పిక అంటే రెండు బిస్కెట్లు, లేదా పలచన చేయని పాలు అరగ్లాసు. క్యానును లోపలి గదిలో పెట్టి తాళం వేసింది.

"మూడేండ్ల పిల్లకి ఉగ్గుగిన్నెతో నీళ్ళేంది మే? పిల్లనా, పిచ్చుకనా?" అంది నాగలక్ష్మమ్మ.

"నీకు తెల్దత్తా. ఊరుకో."

"నాకు తెల్దు, సరే. నీళ్ళకు తాళమేసిన ఇల్లు ఈ జిల్లాలో మనదొక్కటేనని మాత్రం తెలుసు."

ఆదివారం మధ్యాహ్నం నాగలక్ష్మమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది. రేకుడబ్బా తెచ్చింది. పెరట్లో పాత మట్టి కుంపటిలో ఇస్త్రీబండి వాడి దగ్గర తెప్పించిన బొగ్గులు నింపింది. మొక్కజొన్న కంకులు కాల్చే బండి ఆమె నుంచి చేత్తో తిప్పే గాలిపంకా అడిగి పట్టుకొచ్చింది. గీజరు పెంకులను వేలెడేసి ముక్కలు చేసి బొగ్గుల మధ్య పేర్చి, కొడుకును పిలిచింది.

"మాధవా, తిప్పప్పా. బొగ్గు ఎర్రనయితే సాలదు, తెల్లనయ్యేదాకా తిప్పాల."

"ఒక్క ఆదివారం, పండుకోనీకుండా చేస్తివి కదమ్మా."

"టిప్పరు స్టీరింగు తిప్పేటోనివి, ఇదో లెక్కనా?"

చోరనూరులో నాగలక్ష్మమ్మ పుట్టింటివాళ్ళకు మెట్టచేలు ఉండేవి. ఇల్లు కట్టుకోవాలంటే చేనిగట్లలో దొరికే సున్నపు గులకలను ఏరి, ఇంటి ఆడవాళ్ళే కాల్చేవారట. ఆ పని చూస్తూ పెరిగిన మనిషి. ఆమె చేతుల్లో తడబాటు లేదు. రెండు గంటలు పైగా పంకా తిరిగింది. తల్లీకొడుకులు చేతులు మార్చుకుంటూ తిప్పారు. కుంపటి దగ్గరికి పోవడానికి వీల్లేనంత సెగ కొట్టింది. అంతా అయ్యాక ఆమె పటకారుతో ముక్కలు తీసి పాత మట్టికుండలో వేసింది. అవి చూడటానికి ముందు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, కాస్త రంగు మాసి. చల్లారేదాకా అందరూ కూర్చున్నారు. నాగలక్ష్మమ్మ ఒక ముక్క వెనక్కి తీసి అనుపమ అరచేతిలో పెట్టింది. చల్లగా ఉంది. అటుకులంత తేలిక.

"అది కుండలో ఏసి, చెయ్యి బాగా తుడుచుకో. బిడ్డనెత్తుకుని ఆ తలుపు కాడికి పో. ఇది కంట్లో పడితే కన్ను పోతాది," అని చెంబుతో చల్లటి నీళ్ళు పోసి, తానూ నాలుగడుగులు వెనక్కి జరిగింది.

ఏమీ కాలేదు. ముక్కలు నీళ్ళను పీల్చుకున్నాయి. మాధవ ఆవులించాడు.

తర్వాత ఎక్కడో 'టప్'మంది. ఒక ముక్క నడిమికి పగిలింది. ఆ పగులులోంచి సన్నటి ఆవిరి లేచింది. ఇంకోటి పగిలింది. ఇంకోటి. ముక్కలన్నీ ఒళ్ళు విరుచుకున్నట్టు విచ్చుకుంటూ, ఉబ్బుతూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకి లేచాయి. కుండలో నీళ్ళు సలసలా కాగడం మొదలుపెట్టాయి. కింద పొయ్యి లేదు. నిప్పురవ్వ లేదు. కుండ పెరటి మట్టి మీద ఊరికే కూర్చుని ఉంది, లోపల మాత్రం ఎసరు మరిగినట్టు మరుగుతోంది! ఆవిరి మనిషెత్తు లేచింది. చిన్ను తల్లి చంకలోంచే చప్పట్లు కొట్టింది. మాధవ ఆవులింత కోసం తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

అనుపమ ఊపిరి బిగబట్టి చూసింది. నిన్నగాక మొన్న ఆ రాయి అడ్డం పడి గీజరు ఒక చెంబెడు నీళ్ళు కాచలేకపోయింది. అదే రాయి ఇప్పుడు నిప్పు లేకుండా నీళ్ళను కాస్తోంది. గుళ్ళో హారతి ముందు నిలబడ్డట్టుంది ఆమెకు. కాసేపటికి చప్పుడు అణిగింది. కుండలో రాయి లేదు. వెన్నలాంటి తెల్లటి ముద్ద ఉంది.

"చూస్తివా? సున్నం మే ఇది, ఒట్టి సున్నం," అంది నాగలక్ష్మమ్మ. "దెయ్యమూ లేదు భూతమూ లేదు. సెగ తగిలిన చోటే ఇది గడ్డకట్టేది. నీ బిడ్డ కడుపులో పొయ్యి ఉండాదా?"

అత్త ధైర్యం చెప్పాలనే ఇంత పని పెట్టుకుంది. కానీ భయం పట్టిన మనిషికి ఏ మాట చెప్పినా భయం వైపుకే వాలుతుంది. ఇంత బలం ఉందా దీనికి, అనుకుంది అనుపమ. పొయ్యి లేకపోవడమేమిటి, బిడ్డ ఒళ్ళు ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది కదా. పోయిన నెల జ్వరం వచ్చినప్పుడు చెయ్యి పెడితే కాలిపోయింది కదా. ఆ మూడు రోజుల్లో ఎంత గడ్డకట్టిందో!

సోమవారం నుంచి ఉగ్గుగిన్నెలు ఐదు కాస్తా నాలుగయ్యాయి.

గురువారం పొద్దున చిన్ను ఉచ్చకు కూర్చుని కెవ్వుమని ఏడ్చింది. "మంట మా, మంట!" నేల మీద పడ్డ నాలుగు చుక్కలూ ఆవనూనె రంగులో ఉన్నాయి. అనుపమ బిడ్డను ఎత్తి గుండెకు అదుముకుంది. పడింది. రాయి పడనే పడింది. తనకు ముందే తెలుసు.

మాధవ టిప్పరు ఆపేసి వచ్చాడు. ముగ్గురూ బస్సెక్కి బళ్ళారి పోయారు. దారంతా చిన్ను తల్లి భుజం మీద నాలుకతో పెదాలు తడుపుకుంటూ "నీళ్ళు" అంటూనే ఉంది. ముందు సీటు ముసలాయన ఉండబట్టలేక తన బాటిల్ చాచాడు. అనుపమ చెయ్యి అడ్డం పెట్టింది. ఆయన ఆమె వైపు చూసిన చూపు బళ్ళారి దాకా ఆమెను గుచ్చుతూనే ఉంది.

కంటోన్మెంట్‌లో పిల్లల డాక్టరమ్మ ఒకావిడ, నడివయసు మనిషి. చిన్ను నాలుక చూసింది, పొట్ట నొక్కి చూసింది, చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలి చూసింది. అనుపమ చెంగు ముడి విప్పి, తెల్లటి పెంకు ఒకటి తీసి బల్ల మీద పెట్టింది.

"ఇదెవరికి పడిందమ్మా?" డాక్టరమ్మ అదిరిపడింది.

"గీజరుకు మేడమ్."

మాధవ సిగ్గుతో తల దించుకున్నాడు. డాక్టరమ్మ నవ్వలేదు. "పాపకు రోజుకు ఎన్ని నీళ్ళిస్తాండావు?"

"నాలుగు ఉగ్గుగిన్నెలు."

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఈ ఎండల్లోనా?"

అనుపమ అంతా చెప్పింది. గీజరు, పళ్ళెం మీద ఉంగరాలు, కుండలో మరిగిన నీళ్ళు, తాళం. మధ్యలో ఎక్కడా ఆపకుండా, తప్పు ఒప్పుకునే పిల్లలా గోడ వైపు చూస్తూ చెప్పింది.

"ఇట్ల విను," అంది డాక్టరమ్మ. "గీజరు తనను తాను కడుక్కోలేదు. నీ బిడ్డ కడుక్కుంటాది. ఎక్కువైన సున్నాన్ని అయినా, ఉప్పును అయినా ఒళ్ళు ఉచ్చలో బయటికి తోసేస్తాది. దానికి నీళ్ళు కావాల. నువ్వు ఆ నీళ్ళే ఆపితివి. మంట దాని వల్లే అనుకుంటాండా. ఉచ్చ పరీక్ష చేపిద్దాం. నీ భయం తీరాల కాబట్టి స్కాన్ కూడా రాస్తాండా. స్కాన్‌కు కడుపు నిండా నీళ్ళు తాగాల. ఒక బాటిల్ నిండా. నువ్వే తాపించు."

స్కానింగు గది బయట వరండాలో నీళ్ళ యంత్రం ఉంది. మాధవ బాటిల్ ఇచ్చి చీటీకి డబ్బు కట్టడానికి వెళ్ళాడు. అనుపమ బాటిల్ మూత తీసి కుళాయి కింద పెట్టి, ఆగిపోయింది. ఆ కుళాయి మూతికీ తెల్లటి అంచు ఉంది. సన్నంగా, గోరంత.

పక్కన చిన్ను ఆమె కుచ్చిళ్ళు పట్టుకుని, కుళాయి వైపే తల ఎత్తి చూస్తోంది. ఏడవడం లేదు. అడగడమూ లేదు. అడిగితే దొరకదని మూడేళ్ళ బిడ్డ నేర్చుకుంది. ఆ నేర్చుకున్న మొహం చూసేసరికి అనుపమ గుండెలో ఏదో పగిలింది. బాటిల్ నింపింది. మోకాళ్ళ మీద కూర్చుని కూతురి నోటికి పెట్టింది.

చిన్ను రెండు చేతులా బాటిల్ను వాటేసుకుంది. గుటక మీద గుటక. ఊపిరి పీల్చుకోవడానికి కూడా ఆగలేదు. గొంతు కదులుతుంటే ఆ చిన్న మెడలో నీళ్ళు దిగడం బయటికే కనబడుతోంది. గడ్డం మీంచి కారి గౌను తడిసింది. "మెల్లగా నా తల్లీ, మెల్లగా. ఎవరూ పెరుక్కోరు," అంటూ అనుపమ ఏడ్చింది.

గంట ఆగాక లోపలికి పిలిచారు. స్కానింగు గదిలో దీపాలు తగ్గించి ఉన్నాయి. పొట్ట మీద చల్లటి జిగురు పూస్తే చిన్ను కితకితలకు మెలికలు తిరిగింది. గోడ మీది తెర మీద బూడిదరంగు మబ్బులు కదిలాయి.

"ఇదిగోమ్మా కిడ్నీ," అన్నాడు స్కాన్ చేసే డాక్టరు. "ఇది రెండోది."

రెండు చిక్కుడు గింజలు. బిడ్డ ఊపిరి తీసినప్పుడల్లా కిందికీ పైకీ ఊగుతున్నాయి, ఉయ్యాల తాడుకు కట్టినట్టు. తాను మోసి, కని, నీళ్ళు పోసి పెంచిన ఒంటిలో ఇన్నాళ్ళూ ఇవి ఇలా ఊగుతున్నాయని ఆమెకు తెలియనే తెలియదు. తరువాత తెర మీద నల్లటి మడుగు ఒకటి కనబడింది. గుండ్రంగా, నిండుగా, అంచులు నునుపుగా.

"ఇంత నల్లగుందేంది సార్?" అంది అనుపమ తెర వైపుకు వంగి.

"నీళ్ళమ్మా. ఇందాక తాగినవే, ఉచ్చతిత్తిలోకి దిగినాయి. దీంట్లో నీళ్ళు ఇట్ల నల్లగానే కనపడతాయి. రాయుంటే తెల్లగా మెరుస్తాది. ఆ కిడ్నీల్లోనూ లేదు, దీంట్లోనూ లేదు. వెతుకు కావాలంటే, నువ్వే వెతుకు."

ఆమె వెతికింది. ఇరవై రోజులుగా ప్రతిచోటా తెలుపునే వెతికి పట్టుకున్న కళ్ళు అవి. ఆ నల్లటి మడుగును ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వెతికాయి. ఎక్కడా చుక్క లేదు. అమావాస్య ఆకాశంలో నక్షత్రం కూడా లేనంత నలుపు. దానికంటే అందమైన నలుపు ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు. రెండు చేతులూ వాటంతట అవే జోడించుకున్నాయి, డాక్టరుకో తెరకో ఆమెకే తెలియదు.

"మా, ఉచ్చ!" అని అరిచింది చిన్ను.

"పరిగెత్తమ్మా, పరిగెత్తు," అన్నాడు డాక్టరు. "సీసాలో కొంచెం పట్టుకో, పరీక్షకు."

వరండా చివర బాత్రూములో, ఒక చేత్తో కూతుర్ని, ఒక చేత్తో సీసాను పట్టుకుని అనుపమ గొంతుక్కూర్చుంది. మొదట చిన్ను మొహం ముడుచుకుని, తల్లి మెడ గట్టిగా పట్టుకుని "మంట" అంది. అనుపమ వీపు నిమురుతూ ఉండిపోయింది. తర్వాత ధార మొదలైంది. ఆగలేదు. సీసా నిండి పొర్లి, ఆమె వేళ్ళ మీంచి వెచ్చగా పారింది. వరండాలోకి వినబడేంత చప్పుడుతో, ఎంతసేపటికీ అయిపోలేదు. అనుపమ చెయ్యి తీసుకోలేదు.

బయట మాధవ తలుపు తట్టాడు. "ఏమాయనే? అంతా సరేనా?"

జవాబు చిన్ను చెప్పింది. "నాయినా, ఇంకో బాటిల్ నీళ్ళు పట్టుకో."